వికారాబాదు, తాండూరు సీమల భూలేఖ్యములు

భూమి కదలదు, దానిని గూర్చిన లేఖ్యము మాత్రము కచ్చేరీ వెంట కదలుచుండును. వికారాబాదు, తాండూరు సీమల భూచరిత్రను శోధించువారికిది ప్రథమపాఠము.

వికారాబాదునకు పైగా ప్రభువగు నవాబు వికారుల్ ఉమరా పేర ఆ నామము గలిగెను. పైగా గ్రామముల శిస్తు ఆ ప్రభువుల కచ్చేరీకే చేరుచుండెను. 1949లో జాగీరులతోపాటు పైగాలును రద్దయ్యెను. తాండూరు తాలూకా 1956లో గుల్బర్గా జిల్లానుండి హైదరాబాదు జిల్లాలో జేరెను. 1978లో రంగారెడ్డి జిల్లాలోనికిని, 2016లో వికారాబాదు జిల్లాలోనికిని వచ్చెను. ఒక్క పొలమునకు అఱువదేండ్లలో నాలుగు జిల్లాలు!

లేఖ్యములలో మూడు ప్రధానములు. సేత్వారు సర్వేనాటి మూలపత్రము. సర్వే నంబరు, విస్తీర్ణము, శిస్తు అందుండును. 1954-55 నాటి ఖాస్రా పహాణీ పట్టాదారుని, అనుభవదారుని వేర్వేఱుగ జూపును. ఏటేటి పహాణీ సాగును, పంటను దెలుపును. నిజాము కాలపు పత్రములు ఉర్దూలో, ఫసలీ సంవత్సరములతో నుండును. ఫసలీకి 590 కలిపిన క్రీస్తుశకము దెలియును. 1364 ఫసలీ యనగా 1954-55.

పట్టా యొకరిది, సాగు వేఱొకరిది యైనచోట కౌలుదారుని హక్కునకు పాత పహాణీయే సాక్షి. కావున గ్రామము పేరొక్కటి చాలదు. ఏ యేట అది యే కచ్చేరీకి లోబడియుండెనో ముందెఱుగవలెను. ఎఱుగనిచో పత్రము దొరకదు. దానితో దున్నినవాని పేరును మఱుగుపడును.