ఫార్చ్యూన్: సూక్తులు పలుకు చిన్న ప్రోగ్రాము

పాఠశాలలో ఉదయ ప్రార్థన ముగిసిన పిదప ఒక విద్యార్థి ముందుకు వచ్చి ‘నేటి మంచిమాట’ చదువును. కొన్ని పాఠశాలలలో దానిని నల్లబల్లపై వ్రాయుదురు. ఏ దినమున ఏ మాట చదువవలెనో ఉపాధ్యాయులే నిర్ణయింతురు. ఈ పనిని కంప్యూటరునకు అప్పగించినచో అది ఏ విధముగా ఎంచుకొనును? పెట్టెలోని ప్రతి మాటకు సమానమైన అవకాశము ఇయ్యగలదా? చదువదగని మాట వెలువడినచో ఆ బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నలన్నియు ‘ఫార్చ్యూన్’ అను ఒక చిన్న ప్రోగ్రాము చరిత్రలో ఎదురగుచున్నవి.

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున మరేహిల్ అను చోట బెల్ పరిశోధనశాల కలదు. అచ్చట కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు 1969లో యూనిక్స్ అను నిర్వహణ వ్యవస్థకు పునాది వేసిరి. దాని ఏడవ కూర్పు 1979లో వెలువడినది. ఆ కూర్పులోని ఆటల విభాగమున ఫార్చ్యూన్ కానవచ్చుచున్నది.

ఆ దినములలో మనిషికొక కంప్యూటరు లేదు. ఒకే యంత్రమునకు పలు టెర్మినళ్లు తగిలించి, పలువురు ఏకకాలమున పని చేసికొనెడివారు. తెరపై బొమ్మలు లేవు. అక్షరములతో ఆజ్ఞలు వ్రాయుటయే పద్ధతి. పని ప్రారంభింపదలచినవాడు తన పేరును, రహస్యపదమును ఇచ్చి లోనికి ప్రవేశింపవలెను. ప్రవేశింపగానే యంత్రపాలకుడు వ్రాసి ఉంచిన ప్రకటన కనబడును. అది అందరికి ఒక్కటియే. ఫార్చ్యూన్ అట్టిది కాదు. పిలిచిన ప్రతిసారి అది తన సంచయమునుండి ఏదో ఒక వాక్యమును తీసి చూపును. కనుక అనేకులు తమ ప్రారంభపు ఫైలులో ఈ ఆజ్ఞను ఒక పంక్తిగా చేర్చుకొనిరి. ఆనాటి నుండి ప్రవేశించినపుడెల్ల వారికి ఒక సూక్తియో, ఒక చమత్కారమో పలకరింపుగా లభించెడిది.

ఇంగ్లీషులో ఫార్చ్యూన్ అనగా అదృష్టము, జాతకఫలము. అమెరికాలోని చైనా భోజనశాలలలో భోజనానంతరము మడత పెట్టిన ఒక చిన్న బిస్కత్తు ఇత్తురు. దానిని విరిచినచో లోపల ఒక వాక్యము వ్రాసిన కాగితపు ముక్క ఉండును. దానిని ఫార్చ్యూన్ కుకీ అందురు. ఈ ప్రోగ్రాము చూపు వాక్యములకును ఆ పేరే వాడుకలోనికి వచ్చినది.

ఏడవ కూర్పులోని ప్రోగ్రాము మిక్కిలి చిన్నది. కొలది పంక్తులలో ముగియును. సూక్తులన్నియు ఒక ఫైలులో, పంక్తికి ఒకటి చొప్పున ఉండెడివి. ఫైలులో ఎన్ని పంక్తులు కలవో ప్రోగ్రామునకు ముందుగా తెలియదు. వాటిని లెక్కించుటకు ఒకసారి, ఎంచుకొనుటకు మరియొకసారి చదువక, ఒకే పర్యాయము చదివి ఒక పంక్తిని ఎంచుట దాని నేర్పు.

పద్ధతి ఇట్టిది. మొదటి పంక్తిని చదివి చేత ఉంచుకొనవలెను. రెండవ పంక్తి వచ్చినపుడు 1/2 సంభావ్యతతో పాతదానిని విడిచి దానిని గ్రహింపవలెను. మూడవ పంక్తిని 1/3 సంభావ్యతతోను, నాలుగవదానిని 1/4 సంభావ్యతతోను గ్రహింపవలెను. ఫైలు ముగియునప్పటికి చేతిలో మిగిలినదే ఆనాటి సూక్తి.

మొదటి పంక్తికి అందరికంటె ముందు స్థానము దొరికినది గదా, దానికి ఎక్కువ అవకాశము లేదా అను సందేహము కలుగవచ్చును. మూడు పంక్తులున్న ఫైలును పరీక్షింతము. మొదటి పంక్తి చివరివరకు నిలువవలెనన్నచో రెండవదాని చేతను, మూడవదాని చేతను తొలగింపబడక ఉండవలెను. ఆ సంభావ్యత 1/2 × 2/3, అనగా 1/3. రెండవ పంక్తికి 1/2 × 2/3, అదియు 1/3. మూడవదానికి నేరుగా 1/3. ముగ్గురికిని సమాన న్యాయము జరిగినది. వేయి పంక్తులున్నను ఇట్లే భిన్నములు ఒకదానితో ఒకటి కొట్టివేయబడి, ప్రతి పంక్తికి 1/1000 మిగులును. గణకశాస్త్రమున దీనిని రిజర్వాయరు ప్రతిచయనము అందురు. ఎందరు వత్తురో తెలియని వరుసనుండి ఒకరిని పక్షపాతము లేక ఎన్నుకొనవలసినపుడెల్ల ఇది ఉపయోగపడును. ద్వారమున ఒక్కొక్కరుగా వచ్చుచున్న విద్యార్థులలో ఒకరిని ఎన్నుకొని, తరగతిలోనే దీనిని పరీక్షింపవచ్చును.

అయితే యంత్రమునకు నిజమైన యాదృచ్ఛికత తెలియదు. అది ఒక సంఖ్యను తీసికొని, దానిని 1103515245 చేత గుణించి, 12345 కలిపి, వచ్చిన ఫలములో కొంత భాగమును యాదృచ్ఛిక సంఖ్యగా ఇచ్చెడిది. మొదలు పెట్టిన సంఖ్య ఒకటే అయినచో వచ్చు వరుసయు ఒకటే. అందుచేత ప్రోగ్రాము ఆరంభసంఖ్యను గడియారపు కాలమునుండియు, తనకు యంత్రము ఇచ్చిన క్రమసంఖ్యనుండియు కూర్చుకొనెడిది. కాలము మాత్రమే తీసికొన్నచో ఒకే క్షణమున ప్రవేశించిన ఇద్దరికి ఒకే సూక్తి వచ్చును. ఈ విధానమున వచ్చు సంఖ్యలు 0 నుండి 32767 వరకే ఉండెడివి. పంక్తులు కొలదిగా ఉన్నంతవరకు లోపము కానరాదు. అవి అనేక వేలకు పెరిగినచో 1/30000 వంటి సంభావ్యతను సరిగా పొందుట సాధ్యము కాదు. గణితసూత్రము నిర్దుష్టమైనను, దానిని అమలు జరుపు సాధనమునకు ఒక హద్దు కలదు.

తరువాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలో యూనిక్స్‌కు మరియొక కూర్పు అభివృద్ధి చెందినది. అందులోని ఫార్చ్యూన్‌ను కెన్ ఆర్నాల్డ్ వ్రాసెను. నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నవి దీని సంతతియే. ఇందులో సూక్తి ఒక పంక్తికి పరిమితము కానక్కరలేదు. ఒక సూక్తికిని మరొక సూక్తికిని నడుమ శాతపు గుర్తు గల పంక్తి ఉండును. ప్రతి సూక్తి ఫైలులో ఎచ్చట మొదలగునో తెలుపు పట్టికను మరొక చిన్న ప్రోగ్రాము ముందుగా తయారు చేయును. గ్రంథమునకు విషయసూచిక ఎట్లో దీనికి ఆ పట్టిక అట్లు. ఫార్చ్యూన్ ఒక సంఖ్యను ఎంచి, పట్టికలో చూచి, నేరుగా ఆ స్థలమునకు పోవును. ఫైలునంతయు చదువ పనిలేదు. కాని క్రొత్త సూక్తి చేర్చినపుడెల్ల పట్టికను తిరిగి వ్రాయింపవలెను.

ఎంపిక ఇట్లు సుగమమైనది. సమస్య పెట్టెలోని సరుకు వద్ద మొదలైనది. సంచయములో నీతివాక్యములతోపాటు మోటు హాస్యమును, కొందరిని నొప్పించు మాటలును చేరెను. అట్టివానిని వేరు ఫైళ్లలో ఉంచి, ప్రత్యేకముగా కోరినవారికే చూపు ఏర్పాటు చేసిరి. ఆ ఫైలు తెరచినవారి కంట పొరపాటున పడకుండ ప్రతి ఇంగ్లీషు అక్షరమునకు బదులు దానికి పదమూడవ స్థానములోని అక్షరమును వ్రాసిరి. ఆ భాషలోని అక్షరములు 26 కనుక అదే మార్పును మరల చేసినచో అసలు వాక్యము తిరిగి వచ్చును. ఇది రహస్యలిపి కాదు. ముఖము చాటుచేయు పలుచని తెర మాత్రమే.

తెర చాలదని కొందరికి తోచినది. ఫార్చ్యూన్‌ను అందించుచు వచ్చిన ఫ్రీబీఎస్‌డీ వ్యవస్థవారు 2017లో తమ సంచయమునుండి సూక్తుల ఫైళ్లను తొలగించి, వ్యవస్థను వాడుటకు పనికివచ్చు చిట్కాల ఫైలును మాత్రము ఉంచిరి. పాత సంప్రదాయము పోయినదని చింతించినవారు కలరు. పనిచేయు చోట అట్టి మాటలకు స్థానము లేదనినవారును కలరు.

ఈ చరిత్రలో రెండు ఎంపికలు ఉన్నవి. ఉన్న వాక్యములలో ఒకదానిని తీయుట మొదటిది. దానికి గణితము కొలది పంక్తులలో న్యాయమైన మార్గము చూపినది. ఏ వాక్యములు పెట్టెలో ఉండవలెనో నిర్ణయించుట రెండవది. దానికి సూత్రము లేదు. యాదృచ్ఛిక సంఖ్య మంచి చెడ్డలు ఎరుగదు. లోపల ఏది ఉన్నను దానికి సమానమైన అవకాశమే ఇచ్చును. యంత్రము పలికిన మాటకు యంత్రమే కర్త అనుకొనుట నేడు సులభమైపోయినది. పెట్టె నింపిన చేతులు ఎవరివో మొదట అడుగవలెనని ఈ చిన్న ప్రోగ్రాము నేర్పుచున్నది.