నడుమ నిలిచిన పౌరులు

గోదావరికి ఉత్తరపు టొడ్డున శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి. దక్షిణపు టొడ్డున గోదావరిఖని. గనిని ‘బాయి’ యని పిలుచుకొను ఈ సీమలో 1981లో సింగరేణి కార్మిక సమాఖ్య పుట్టినది. ‘సికాస’ యన్న పొట్టి పేరు నెరుగని కార్మిక కుటుంబము ఇచ్చట అరుదు. 1992 మే నెలలో పీపుల్స్ వార్‌తో పాటు దీనిపైనను ప్రభుత్వము నిషేధము విధించెను. ఇన్‌ఫార్మరన్న నింద మోసి కొందరు, ఎదురుకాల్పులన్న ప్రకటనలలో కొందరు ప్రాణములు కోల్పోయిరి. దళమునకు అన్నము పెట్టినను తప్పే, పెట్టకున్నను తప్పే యైన కాలమది. ఆ కాలమున ఇరుపక్షములను నిలదీసి ప్రశ్నించిన కొందరిని గూర్చి మేము నేడు ముచ్చటింపదలచితిమి.

1997లో పౌర స్పందన వేదిక ఏర్పడినది. దానికి కన్వీనరు ఎస్.ఆర్. శంకరన్ గారు. వెట్టి చాకిరి నిర్మూలనకు, దళిత గిరిజనుల మేలునకు పాటుపడి విశ్రాంతి గొన్న ఐ.ఏ.ఎస్. అధికారి. 1987లో తూర్పు గోదావరి మన్యమున నక్సలైట్లు ఆయనను, సాటి అధికారులను బందీలుగా పట్టుకొనిరి. పదేండ్ల పిమ్మట వారితోనే శాంతి మాట లాడుటకు ఆయన వెనుదీయలేదు. ఆచార్య హరగోపాల్, పత్రికా సంపాదకులు పొత్తూరి వేంకటేశ్వరరావు గారల వంటి పెద్దలు ఆయనకు తోడైరి.

వీరిని నియమించిన వారెవ్వరును లేరు. గ్రామములకు పోయి మృతుల కుటుంబములతో మాటలాడిరి. ప్రభుత్వమునకును, పార్టీకిని లేఖలు వ్రాసిరి. బూటకపు ఎదురుకాల్పులను ఖండించినట్లే ఇన్‌ఫార్మర్ల పేరిట జరిగిన హత్యలను ఖండించిరి. ఇందువలన ఉభయులకును కంటగింపైరన్న మాట నిజమే. కాని ఉభయులును వీరితో మాటలాడక మానలేదు. 2002లో చర్చల యత్నము విఫలమైనది.

2004 మేలో ప్రభుత్వము మారినది. తుపాకులు కొంత చల్లబడెను. జులైలో నిషేధము గడువు తీరిపోయినది. అక్టోబరు 15 నుండి 18 వరకు హైదరాబాదులో, హోం మంత్రి జానారెడ్డి గారి పక్షము, రామకృష్ణ నాయకత్వమున వచ్చిన మావోయిస్టు ప్రతినిధులు, జనశక్తి ప్రతినిధులు ఎదురెదురుగా కూర్చుండిరి. శంకరన్ గారు మధ్యవర్తులలో నుండిరి.

చిక్కంతయు ఒక్కచోటనే తగులుకొనెను: దళములు ఆయుధములతో గ్రామములలో తిరుగవచ్చునా? కాల్పుల విరమణ నియమములపై ఉభయులును సంతకము చేయలేదు. కనిపెట్టి చూచువారు ఎంత నిష్పక్షపాతులైనను, ఏ నియమము తప్పినదని ఎవరిని పట్టుకొందురు? మా దృష్టిలో అసలు లోపమిదియే. 2005 జనవరిలో ఎదురుకాల్పులు మరల మొదలయ్యెను. పార్టీలు చర్చలనుండి వైదొలగెను. ఆగస్టు 15న నారాయణపేటలో శాసనసభ్యులు చిట్టెం నర్సిరెడ్డి గారిని, మరికొందరిని కాల్చి చంపిరి. 17న నిషేధము మరల వచ్చెను.

సరిగా ఆ ఆగస్టు 15 నాడే హెల్సింకి నగరమున ఇండొనేషియా ప్రభుత్వము, ఆచే తిరుగుబాటుదారులు ఒడంబడికపై సంతకములు చేసిరి! ఐరోపా సమితి, అయిదు ఆసియాన్ దేశములు పంపిన నిరాయుధ పర్యవేక్షకులు సెప్టెంబరులో అచ్చట దిగిరి. తిరుగుబాటుదారులు అప్పగింపవలసిన ఆయుధముల సంఖ్య 840 అని పత్రములోనే యుండెను. వాటిని ఒక్కొక్కటిగా లెక్కించి, కోయించి, అదే సమయమున సైన్యము తొలగిపోవుటను చూచిరి. 2006 డిసెంబరులో పని ముగించి వెళ్ళిరి. ఆచేను అంతకు ముందే సునామీ కూల్చివేసెను. ఆ దుఃఖమును ఉభయులను మెత్తబరచినది. కనుక రెండింటిని ఒకే తక్కెడలో తూచరాదు. మన యింటి తగవునకు పరదేశీయులు రానక్కరయు లేదు. మనకు కావలసిన పెద్దలు మన నడుమనే యుండిరి. వారి చేతికి ఇవ్వవలసిన కాగితము మాత్రము సిద్ధము కాలేదు.

శంకరన్ గారు 2010 అక్టోబరు 7న కన్నుమూసిరి. వేదిక సేకరించిన పల్లెవాసుల మాటలు దాని నివేదికలలో నిలిచియున్నవి.