తెలుగు యాక్షన్ థ్రిల్లర్లలో హ్యాకర్, నిఘా సాంకేతికత: మలక్‌పేట – దిల్‌సుఖ్‌నగర్ చరిత్ర నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు యాక్షన్ థ్రిల్లర్ చిత్రాలలో హ్యాకర్, రహస్య నిఘా పరికరం, ఫోన్ ట్యాపింగ్ వంటివి కథను నడిపే సాధనాలుగా స్థిరపడ్డాయి. ఈ చిత్రణను 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన జంట పేలుళ్ల దర్యాప్తు చరిత్రతో పోల్చి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెరమీది సాంకేతికత ఒక్క మేధావి చేతిలోని తక్షణశక్తి. వీధిలోని సాంకేతికత అనేకుల శ్రమతో, చట్టపు హద్దులతో నడిచే వ్యవస్థ. ఈ రెంటి మధ్య అంతరంలో మరుగున పడుతున్నది అనుమతి, జవాబుదారీతనం అనే ప్రశ్న అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: యాక్షన్ థ్రిల్లర్, హ్యాకర్, నిఘా, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, గోప్యత.

1. ఉపోద్ఘాతం:

చాదర్‌ఘాట్ దాటి విజయవాడ వైపు సాగే రహదారి మలక్‌పేట, మూసారంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి మీదుగా ఎల్.బి.నగర్ చేరుతుంది. జిల్లాల నుంచి చదువుకు, ఉద్యోగాన్వేషణకు వచ్చే యువతకు ఈ దారి వెంట ఉన్న కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు తొలి మజిలీ. కోణార్క్, వెంకటాద్రి వంటి థియేటర్లు ఈ ప్రాంతానికి ఆనవాళ్లు. కంప్యూటర్‌ను జీవనోపాధిగా నేర్చుకునే యువతరం, అదే కంప్యూటర్‌ను అద్భుతశక్తిగా చూపే సినిమాలను చూసిన ప్రాంతం ఇది. 2013లో ఉగ్రవాదుల బాంబులు పేలినది కూడా ఈ థియేటర్ల పరిసరాలలోనే. అందువల్ల తెరమీది సాంకేతికతను, నేలమీది సాంకేతికతను పక్కపక్కన పెట్టి చూడటానికి ఈ ప్రాంతం తగిన క్షేత్రం.

2. గూఢచారి పరికరం నుంచి హ్యాకర్ దాకా:

1966లో కృష్ణ కథానాయకుడిగా వచ్చిన ‘గూఢచారి 116’ తెలుగులో గూఢచారి చిత్రాలకు బాట వేసింది. ఆ కోవ చిత్రాలలో సాంకేతికత అంటే చేతిలో ఇమిడే పరికరం. నాయకుడి ధైర్యానికి అది తోడు మాత్రమే. 1998 నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2000 అక్టోబరు 17న సమాచార సాంకేతిక చట్టం అమలులోకి వచ్చింది. ఆ చట్టం 66వ సెక్షన్ మొదట ‘హ్యాకింగ్’ అనే పేరుతోనే నేరాన్ని నిర్వచించింది. 2008 సవరణ ఆ పదాన్ని తొలగించి ‘కంప్యూటర్ సంబంధిత నేరాలు’ అన్న విస్తృత శీర్షికను చేర్చింది. చట్టం వదులుకున్న పదాన్ని సినిమా మాత్రం మరింత గట్టిగా పట్టుకుంది.

ఇందుకు సినిమా మాధ్యమ స్వభావమే ఒక కారణం. కంప్యూటర్‌లోకి చొరబడటం కంటికి కనిపించే పని కాదు. వారాల తరబడి ఎదురుచూడటం, బలహీనతలను వెతకడం, ఎవరో ఒక ఉద్యోగి పొరపాటుకై కాచుకోవడం దానిలో భాగం. కెమెరాకు కావలసినవి ముఖం, చేతివేళ్లు, గడువు. కనుకనే కీబోర్డుపై పరుగులు తీసే వేళ్లు, నల్లని తెరపై జారే ఆకుపచ్చ అక్షరాలు, నూరు శాతం వైపు కదిలే గీత వచ్చాయి. పాత చిత్రాలలో బాంబుకు కట్టిన గడియారం చేసిన పనినే ఇప్పుడు ఆ గీత చేస్తున్నది. మసక ఫొటోను పెద్దది చేయగానే కారు నంబరు స్పష్టమయ్యే దృశ్యం కూడా ఇటువంటిదే. కెమెరా నమోదు చేయని వివరాన్ని ఏ సాఫ్ట్‌వేర్ కూడా తిరిగి తేలేదు. ఊహించి పూరించగలదు, అంతే. ‘ద మ్యాట్రిక్స్ రీలోడెడ్’ (2003)లో నిజమైన ‘ఎన్‌మ్యాప్’ సాధనాన్ని చూపడం ప్రత్యేకంగా చెప్పుకోదగిన విషయం అయిందంటే, తక్కిన చిత్రాలలో వాస్తవికత ఎంత అరుదో ఊహించవచ్చు.

3. మూడు చిత్రాలు – మూడు నమూనాలు:

మూడు చిత్రాలను నమూనాలుగా తీసుకోవచ్చు.

3.1. ధ్రువ (2016): తమిళ ‘తని ఒరువన్’కు పునర్నిర్మాణమైన ఈ చిత్రంలో ప్రతినాయకుడు, గాయపడిన పోలీసు అధికారి శరీరంలోనే రహస్య శ్రవణ పరికరాన్ని అమర్పిస్తాడు. నిఘా ఇక్కడ శత్రువు ఆయుధం. తన మాటలు, తన కదలికలు పరుల పాలయ్యాయని తెలిసిన మనిషి అవమానం, భయం ప్రేక్షకుడికి అనుభవంలోకి వస్తాయి.

3.2. స్పైడర్ (2017): ఇక్కడ నిఘా నాయకుడి ఆయుధం. ఇంటెలిజెన్స్ ఉద్యోగి తన సాఫ్ట్‌వేర్‌తో పౌరుల ఫోన్ సంభాషణలు విని, ఆపదలో ఉన్నవారిని కాపాడుతుంటాడు. పై అధికారుల అనుమతి లేకపోవడం అతని సేవాభావానికి నిదర్శనంగా కనిపిస్తుందే తప్ప దోషంగా కనిపించదు. గమనించదగిన విషయం ఏమిటంటే, ప్రతినాయకుడి ఆచూకీ తెలుసుకోవడానికి ఇదే చిత్రం ఇళ్లలో టీవీ చూస్తున్న గృహిణుల సాయం కోరుతుంది. యంత్రం ఒక్కటే చాలదని కథ తనకు తెలియకుండానే ఒప్పుకున్న సందర్భం ఇది.

3.3. అభిమన్యుడు (2018): తమిళ ‘ఇరుంబు తిరై’కి తెలుగు అనువాదమైన ఈ చిత్రంలో బ్యాంకు ఖాతాలోని అప్పు సొమ్ము మాయమవుతుంది. మోసానికి మూలం అద్భుతమైన కోడ్ కాదు. ఏజెంట్ల చేతుల్లో పడ్డ పత్రాలు, చేతులు మారిన వ్యక్తిగత వివరాలు. ముగింపు మళ్లీ నాయక ప్రతినాయకుల ద్వంద్వయుద్ధమే అయినా, మూడింటిలో వాస్తవానికి అతి దగ్గరగా నడిచినది ఇదే.

వాస్తవ ఘటనలు ఈ అభిప్రాయాన్ని బలపరుస్తాయి. 2022 జనవరిలో హైదరాబాదులోని ఒక పట్టణ సహకార బ్యాంకు నుంచి సుమారు 12 కోట్ల రూపాయలను సైబర్ నేరగాళ్లు కాజేశారు. ఉద్యోగులకు పంపిన మోసపు ఈమెయిళ్లను తెరవడంతోనే చొరబాటుకు దారి దొరికిందని పోలీసు దర్యాప్తు తేల్చింది.

4. రెండు థియేటర్ల నడుమ వీధి:

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం సుమారు 7 గంటలకు దిల్‌సుఖ్‌నగర్‌లో 107 నంబరు బస్టాపు వద్ద, మిర్చి బజ్జీల దుకాణం వద్ద నిమిషాల తేడాతో రెండు బాంబులు పేలాయి. 18 మంది మరణించారు. వంద మందికి పైగా గాయపడ్డారు. బాంబులను సైకిళ్లకు అమర్చారు. ఎవరి చూపూ నిలవని అతి సాధారణ వాహనమది.

ఒకే రోడ్డు మీద, ఒకే కుట్రలో భాగంగా జరిగిన ఈ రెండు పేలుళ్లపై కేసులు మలక్‌పేట, సరూర్‌నగర్ పోలీసు స్టేషన్లలో వేర్వేరుగా నమోదయ్యాయి. అప్పటికి ఒకటి హైదరాబాదు, మరొకటి సైబరాబాదు కమిషనరేట్ పరిధిలోనివి. సినిమాలోని నిఘా గదికి పరిధులు ఉండవు. మీట నొక్కితే నగరమంతా ఒకే తెరపై పరుచుకుంటుంది. వీధిలో మాత్రం కొద్ది అడుగులు వేస్తే అధికార పరిధి మారుతుంది. ఆ ప్రాంతంలోని సీసీ కెమెరాలు పనిచేశాయా లేదా అన్నదే ఘటన జరిగిన వెంటనే బహిరంగ వివాదమైంది. కెమెరా ఉండటం వేరు, దాని తీగ, రికార్డు, దాన్ని చూసే మనిషి సక్రమంగా ఉండటం వేరు అన్న సత్యాన్ని ఆ వివాదం గుర్తుచేసింది.

తరువాత దర్యాప్తు జాతీయ దర్యాప్తు సంస్థ చేతికి వెళ్లింది. న్యాయస్థానంలో 150 మందికి పైగా సాక్షులను విచారించారు. 2016 డిసెంబరు 13న ప్రత్యేక న్యాయస్థానం ఐదుగురిని దోషులుగా నిర్ధారించి, 19న మరణశిక్ష విధించింది. తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో ఆ తీర్పును ధ్రువీకరించింది. ‘ధ్రువ’ విడుదలైనది 2016 డిసెంబరు 9న. అంటే తెరపై రెండున్నర గంటలలో న్యాయం జరుగుతున్న వారంలోనే, దిల్‌సుఖ్‌నగర్ బాధితులకు దాదాపు నాలుగేళ్ల తరువాత తొలి తీర్పు అందింది. ఈ కాలవ్యత్యాసాన్ని వ్యవస్థ అసమర్థతగా మాత్రమే చూడటం సరికాదు. సాక్ష్యాన్ని సేకరించడం, ముద్రవేసి భద్రపరచడం, ప్రతివాది ప్రశ్నలకు నిలబెట్టడం అనే పనులన్నీ ఆ కాలంలో జరిగినవే. సినిమా కత్తిరించి పారేసేది సరిగ్గా ఈ భాగాన్నే.

5. అనుమతి అనే ప్రశ్న:

అదే 2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రత చట్టం, జనం ఎక్కువగా వచ్చే సంస్థలు కెమెరా నిఘా ఏర్పాటు చేసుకోవాలని నిర్దేశించింది. దుకాణదారుల, కాలనీవాసుల భాగస్వామ్యంతో కెమెరాల సంఖ్య పెరిగింది. 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో సమీకృత కమాండ్ కంట్రోల్ కేంద్రం ప్రారంభమైంది. సినిమాలోని నిఘా గది ఇప్పుడు నగరంలో నిజంగానే ఉంది. అయితే దానిపై ఎవరి నిఘా అన్న ప్రశ్న మిగిలింది.

ఆ ప్రశ్నకు చట్టంలో చరిత్ర ఉంది. ఫోన్ ట్యాపింగ్‌కు హోంశాఖ కార్యదర్శి స్థాయి అనుమతి, ఆపై సమీక్ష ఉండాలని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 18న పి.యు.సి.ఎల్. కేసులో ఆదేశించింది. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రకటించింది. సుమారు నెల తరువాత, సెప్టెంబరు 27న, అనుమతి లేకుండా పౌరుల మాటలు వినే నాయకుడితో ‘స్పైడర్’ విడుదలైంది. అక్రమంగా ఫోన్లు విన్నారన్న ఆరోపణపై 2024 మార్చిలో హైదరాబాదులో కేసు నమోదైనప్పుడు, ప్రజల దృష్టిలో అదే పని సేవ కాక నేరారోపణ అయింది. వినేవాడు మంచివాడైతే చాలు అన్నది సినిమా సూత్రం. వినేవాడు ఎవరైనా లెక్క చెప్పాలి అన్నది చట్టం సూత్రం.

అమెరికాలో ‘వార్ గేమ్స్’ (1983) చూసిన అధ్యక్షుడు రీగన్, ఇలా జరగగలదా అని సైనికాధికారులను ప్రశ్నించాడు. ఫలితంగా 1984లో ప్రభుత్వ కంప్యూటర్ల భద్రతపై ఒక జాతీయ విధాన ఆదేశం వెలువడింది. ఒక వినోద చిత్రం రాజ్యాన్ని తన బలహీనత వైపు చూసుకునేలా చేసింది. తెలుగు థ్రిల్లర్ అందుకు భిన్నంగా రాజ్యం చూపును పౌరుడి వైపే తిప్పి ఉంచుతున్నది.

6. ముగింపు:

* తెలుగు యాక్షన్ థ్రిల్లర్లలో సాంకేతికత నాయకుడి తోడు అనే స్థానం నుంచి, నాయకుడి శక్తి అనే స్థానానికి చేరింది.
* నిఘా ప్రతినాయకుడి చేతిలో ఉంటే అపరాధంగా, నాయకుడి చేతిలో ఉంటే రక్షణగా కనిపిస్తుంది. పద్ధతిని కాక వ్యక్తిని బట్టి తీర్పు చెప్పడం ఈ చిత్రణలోని ప్రధాన లోపం.
* దిల్‌సుఖ్‌నగర్ ఘటన, పరిధులు, నిర్వహణ, సాక్ష్యం, విచారణ అనే నాలుగు అంశాలు లేకుండా సాంకేతికత న్యాయాన్ని అందించలేదని నిరూపిస్తున్నది.
* సినిమా శాస్త్రపాఠం కానక్కరలేదు. అనుమతి పత్రం కోసం ఎదురుచూసే అధికారిని, కోర్టులో సాక్ష్యం చెప్పే దుకాణదారుని చూపినా ఉత్కంఠ తగ్గదు. ఆ ఎదురుచూపులోనూ ప్రాణాల ప్రశ్న ఉంది. 107 బస్టాపు వద్ద ఆప్తులను కోల్పోయిన కుటుంబాలు పన్నెండేళ్లు అనుభవించినది దానినే.