ధర ఎంత అన్నది ఎవరు చెప్పాలి?

మొన్నామధ్య ఓ విదేశీ సైటులో కీబోర్డు కొన్నాను. పాత మోడలు, ఇక తయారు చెయ్యరట, అందుకని 149 డాలర్లది 59కే ఇచ్చేశారు. (మా ఆవిడ లెక్కలో ఆ 59 కూడా దండగే, అది వేరే సంగతి.) వారం తర్వాత కొరియర్ వాళ్ళు డ్యూటీ కట్టమని మెసేజి పంపారు. చూస్తే కీబోర్డుకి నేను పెట్టినదాంట్లో దాదాపు సగం! ఆరా తీస్తే తేలిందేమిటంటే, అమ్మినవాడు పెట్టెతో పంపిన కాగితంలో విలువ 149 అని పడింది. వాళ్ళ సిస్టంలో ఆ ఫీల్డు లిస్టు ధర నుంచి వస్తుంది కాబోలు. మనమెవరం ఎప్పుడూ అలాంటి కోడు రాయలేదన్నట్టు తిట్టుకుని, ఫోన్ చేశాను.

"నేను అంత పెట్టలేదండీ."

"కాగితంలో ఏముంటే అదే విలువ సార్."

ఈ ముక్క నన్ను వదల్లేదు. విలువంటే నేనిచ్చిన డబ్బా, వాడు రాసిన అంకెనా, లేక అధికారి అనుకున్నదా? వారం రోజులు రాత్రిళ్ళు కూర్చుని చదివితే, ఇది కొన్ని వందల ఏళ్ళ తగాదా అని అర్థమైంది.

మన తీరంలోనే మొదలెడదాం. చీరాల దగ్గర మోటుపల్లిలో, వీరభద్రస్వామి గుడి స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. అంతకుముందు రాజులు, తుఫానుకి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాగేసుకునేవారు. ఇకమీదట అలా జరగదు, కూపశుల్కం మాత్రం కడితే చాలు, అని రాజు మాటిచ్చాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైలో ఒక వంతు. నాకు నచ్చింది దాని కింద ఉన్న పట్టిక. వక్కలకి లక్షకింత అని సుంకం, గంధానికి తూకాన్ని బట్టి, కర్పూరానికీ ముత్యాలకీ విలువను బట్టి. కొన్నిటికి లెక్క, కొన్నిటికి తూకం. మిగతావాటికి విలువ. వక్కల్ని ఎవరు లెక్కపెట్టినా ఒకటే. ముత్యం ఖరీదు మాత్రం చెప్పేవాణ్ణి బట్టి మారుతుంది.

ఈ ఇబ్బందికి నేను చూసినవాటిల్లో అతి తెలివైన మందు డెన్మార్క్ రాజులది. బాల్టిక్ సముద్రంలోకి వెళ్ళే ఓడలు చాలావరకు ఎల్సినోర్ దగ్గర ఇరుకు జలసంధి దాటేవి. అక్కడ 1420ల నుంచీ సుంకం వసూలు చేసేవారు. మొదట్లో ఓడకింత అని. 1567 నుంచి సరుకు విలువ మీద. మరి ఇన్ని ఓడల్లో సరుకు విలువ ఎవడు కడతాడు? కెప్టెన్నే చెప్పమన్నారు. ఎంత చెప్తే అంతే. ఒకే ఒక షరతు: నువ్వు చెప్పిన ధరకి ఆ సరుకుని రాజుగారు కొనుక్కునే హక్కు ఉంటుంది! తక్కువ చెప్తే సరుకు పోతుంది, ఎక్కువ చెప్తే సుంకం పెరుగుతుంది. వాలిడేషన్ కోడు ఒక్క లైను రాయకుండా నిజం చెప్పించారు. 1857లో ఆ సుంకాన్ని ఎత్తేశారు.

ఇంగ్లీషువాళ్ళు మనకిచ్చిన 1878 సముద్ర కస్టమ్స్ చట్టంలోనూ దీని పోలికే ఉంది. విలువ తగ్గించి చూపారనిపిస్తే సరుకు ఆపి, చూపిన విలువే చేతిలో పెట్టి ప్రభుత్వం తీసేసుకోవచ్చు. కాకపోతే అదే చట్టం "అసలు విలువ" అంటే ఇక్కడి టోకు ధర అంది. అంటే కొన్నవాడి బిల్లుకన్నా బజారు మాటకే బరువెక్కువ. 1962 కస్టమ్స్ చట్టం 14వ సెక్షన్ కూడా అలాంటి సరుకు "సాధారణంగా" ఎంతకి అమ్ముతారో అదే విలువ అంది. నువ్వు బేరమాడావో, దసరా ఆఫర్లో కొన్నావో దానికి అనవసరం.

1988 నియమాలతో గాలి మళ్ళింది. అంతర్జాతీయ ఒప్పందాన్ని అనుసరించి, నిజంగా చెల్లించిన ధరే మొదటి ప్రమాణం అన్నారు. రాశారు సరే, అధికారులు ఊరుకుంటారా? ఐషర్ ట్రాక్టర్స్ కంపెనీ 1993లో జపాన్ బేరింగులు తెప్పించింది. అమ్ముడుపోక మిగిలిన పాత స్టాకు కావడంతో 77 శాతం డిస్కౌంటు వచ్చింది. కస్టమ్స్ వాళ్ళు నమ్మలేదు, ధరల పట్టిక తెరిచి విలువ పెంచారు. చివరికి 2000 నవంబరులో సుప్రీంకోర్టు కంపెనీ పక్షాన తీర్పిచ్చింది. నియమంలో "ది ట్రాన్సాక్షన్ వాల్యూ" అని ఉంది కదా, ఆ "ది" ఎందుకుంది? ఏదో ఒక లావాదేవీ కాదు, ఈ లావాదేవీలో, ఈ సరుక్కి ఇచ్చిన ధర అని. నియమాల్లో రాసిన మినహాయింపులుంటే తప్ప దాన్ని కాదనడానికి వీల్లేదు. తెలుగులో అసలు లేనే లేని "ది" మీద ఆధారపడిన వాదన! ఒక్క సెమీకోలన్ వల్ల బిల్డు పోగొట్టుకున్న మనకి ఇది వింతగా ఉండకూడదు.

మన ఊళ్ళలో అందరికీ తెలిసిన విప్రోదీ ఒక కేసు ఉంది. సరుకు దించే ఖర్చు అసలెంతో తెలిసినా సరే, విలువలో 1 శాతం అని ఊహించి కలిపేవారు. తెలిసిన అంకె ఉండగా ఊహాంకె ఎందుకని 2015లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

ఇంతలో 2007 వచ్చింది. 14వ సెక్షన్నే మార్చి, చెల్లించిన ధరే విలువ అని చట్టంలోకి ఎక్కించారు. మంచిదే. కానీ అదే ఏడు వచ్చిన నియమాల్లో 12వది, అధికారికి నిజాయితీగా అనుమానం వస్తే ప్రకటించిన విలువను పక్కన పెట్టొచ్చంటుంది. అనుమానానికి చూపిన కారణాల్లో ఒకటి, అసాధారణమైన డిస్కౌంటు! కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేత్తో కొంత వెనక్కి తీసుకున్నట్టే. అడిగితే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి, మన మాట వినాలి. ఆ మాత్రం ఉంది.

ఈ అనుమానాన్ని పూర్తిగా తప్పు పట్టలేను. "గిఫ్ట్ అని రాయి, పది డాలర్లు వెయ్యి" అని అమ్మేవాడిని బతిమాలినవాళ్ళు నా స్నేహితుల్లోనే అరడజను మంది ఉన్నారు. ఆ పది డాలర్ల కాగితాలు చూసీ చూసీ విసిగిన మనిషి, నా 59ని చూసి నవ్వడూ మరి!

సరే, నా పెట్టె సంగతి. చదువుతుంటే నా గుండె ఝల్లుమన్నది 2019 నాటి ఐటీసీ కేసు దగ్గర. డ్యూటీ లెక్క మనం వేసుకున్నా, వాళ్ళు వేసినా, దాన్ని అప్పీల్లోనో మరో పద్ధతిలోనో మార్పించుకోకుండా రీఫండు అడగడానికి వీల్లేదని సుప్రీంకోర్టు తేల్చింది. అప్పీలుకి గడువు 60 రోజులు. కొరియర్ వాడేమో "ముందు కట్టెయ్యండి సార్, తర్వాత చూసుకోవచ్చు" అంటున్నాడు. కట్టేసి ఉంటే, రెండు మూడు వేల రూపాయల కోసం కమిషనర్ గారికి అప్పీలు రాస్తూ కూర్చునేవాణ్ణి.

కట్టలేదు. ఆర్డరు మెయిలు, కార్డు స్టేట్‌మెంటు, ఆ సేల్ పేజీ ప్రింటు, పొరపాటు తమదేనని అమ్మినవాడు రాసిచ్చిన ఉత్తరం, సరిదిద్దిన ఇన్‌వాయిసు, అన్నీ జతచేసి, దిగుమతి పత్రం మన పేరున దాఖలు చేసేది కొరియర్ వాళ్ళే కాబట్టి, వాళ్ళ ద్వారానే అధికారికి పంపాను. ఆయన ఒకటే అడిగారట, కార్డు స్టేట్‌మెంటులో 59తో పాటు షిప్పింగ్ డబ్బు కూడా ఉందా అని. ఉంది. అదీ విలువలో కలుస్తుంది కాబట్టి కలిపి, 149 తీసేశారు.

పన్నెండు రోజులు పట్టింది. మిగిలిన డ్యూటీలో సగానికి పైగా కొరియర్ గోడౌను అద్దె కింద పోయింది. ఈ వాక్యం ఆ కీబోర్డు మీదే కొడుతున్నాను, స్పేస్ బార్ కొంచెం కిర్రుమంటోంది.