1912వ యేట బుట్టిన మువ్వురు: ప్రతిభయు అభ్యాసమును

నేడు నేను ముచ్చటింపబోవునది మన పల్లెలలో ఆడని యొక ఆటను గూర్చి. దానిని గాల్ఫు అందురు. స్కాట్లండు దేశమున సముద్రతీరపు ఇసుక బీళ్ళలో బుట్టి, ఆ ఆట ఆంగ్లేయుల వెంట నానాదేశములకు బోయినది. మన దేశమునకు 1829లోనే వచ్చినది. ఆ యేట కలకత్తాలో స్థాపింపబడిన గాల్ఫు సంఘము, బ్రిటను ద్వీపములకు వెలుపలనున్న అట్టి సంఘములన్నిటిలో ప్రాచీనమైనది. అయినను మనలో పెక్కురకు అది దొరల యాటగానే మిగిలిపోయినది. దానితో మాకేమి పని యని మీరడుగవచ్చును. పని యున్నది. ఇంటిలో పిల్లవాడు పాటనో, లెక్కలనో, మగ్గమునో నేర్వబోయినపుడు వీనికిది పుట్టుకతో వచ్చినదనియు, వానికిది యీ జన్మమున రాదనియు మనము తేలికగా తీర్పు జెప్పుచుందుము. ఆ తీర్పు ఎంతవఱకు నిలుచునో చూచుటకు ఈ యాట చరిత్రలో నొక చక్కని నిదర్శనము గలదు.

ముందుగా ఆట సంగతి. చిన్ననాడు బిళ్ళంగోడు ఆడినవారికి - కొన్ని తావుల దానినే చిఱ్ఱగోనె యందురు - ఇది తెలియుట కష్టము గాదు. నేలమీద నిశ్చలముగా నున్న చిన్న బంతిని పొడుగైన కఱ్ఱతో గొట్టి, దూరమున నున్న నాలుగుంబావు అంగుళముల వెడల్పుగల గుంటలో పడవేయవలెను. అట్టి గుంటలు పదునెనిమిది. ఎవరు తక్కువ వ్రేట్లతో అన్నిటిని ముగింతురో వారిది గెలుపు. బంతి కదలదు, ఎదిరి యడ్డగింపడు. ఇంత సులభమైన యాట వేఱొకటి లేదని చూచువారికి దోచును. చిక్కంతయు కఱ్ఱ విసరుటలో నున్నది. కఱ్ఱను వెనుకకెత్తి దింపు వేళ దాని కొన గంటకు నూఱు మైళ్ళకు మించిన వేగమున వచ్చును. దింపుటకు బట్టు కాలము పావు సెకండు మాత్రమే. కఱ్ఱ బంతిని అంటియుండునది సెకండులో రెండువేలవ వంతు. ఆ క్షణమున తప్పు దిద్దుకొనుటకు మనుష్యునకు వ్యవధి లేదు. కఱ్ఱ మొగము రెండు డిగ్రీలు ప్రక్కకు దిరిగినచో 200 గజముల దూరమున బంతి ఏడు గజములు తొలగును. గాలిలో వంపు తిరిగెనా, ఇంకను ఎక్కువ. కావున ఒకనాడు చక్కగా గొట్టుట గొప్ప గాదు. నేడు కొట్టినట్లే రేపును, ఎల్లుండియు, పందెపు బరువు నెత్తిమీద నున్నప్పుడును అదే విసురు విసరగలుగుటయే ఈ విద్యలోని కష్టము.

మన ఆలంకారికులు కవిత్వమునకు ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసము అను మూడింటిని కారణములుగా జెప్పి, వానిలో ఏది ముఖ్యమని తరతరములు వాదించిరి. సాధనను గూర్చిన వేమన పద్యము మీకందఱకు గంఠస్థమే కనుక నేను చదువనక్కఱలేదు. ఈ వాదమే గాల్ఫు ఆటగాండ్రలోను నేటికిని నడచుచున్నది. చిత్రమేమనగా, 1912వ సంవత్సరమొక్కదానిలోనే అమెరికాలో మువ్వురు మహాక్రీడాకారులు పుట్టిరి: ఫిబ్రవరిలో బైరన్ నెల్సన్, మే నెలలో శాం స్నీడు, ఆగస్టులో బెన్ హోగన్. మువ్వురును పేదయిండ్ల బిడ్డలే. మువ్వురును ధనికుల కఱ్ఱల సంచులు మోయు బాలురుగా నీ విద్యలో నడుగిడినవారే. అట్టి బాలురను అక్కడ క్యాడీలందురు.

స్నీడు వర్జీనియా కొండసీమ వాడు. కొనయందు ముడిగల చెట్టుకొమ్మను కోసి చెక్కుకొని దానినే కఱ్ఱగా వాడినవాడు. అన్న ఆడుచుండగా జూచి నేర్చెను. అతని విసురు ఎంత తీయనిదనగా, చూచినవారెల్లరు ఇది పుట్టుకతో వచ్చినదే గాని నేర్చినది గాదనిరి. 1965లో, ఏబదిరెండేండ్లు దాటిన వయస్సున, గ్రీన్స్‌బరో పోటీ గెలిచెను. వృత్తి యాటగాండ్ర పోటీలలో అతని గెలుపులు 82. ఆ సంఖ్యను టైగర్ వుడ్సు 2019లో అందుకొనువఱకు వేఱెవ్వరు నందుకొనలేదు. ప్రతిభావాదులకు ఇంతకంటె మంచి సాక్షి దొరకడు. కాని నాకొక సందేహము. ఆ బాలుడు కొండవాలులలో చెట్టుకొమ్మతో వేసిన వ్రేట్లను ఎవ్వరు లెక్కించిరి? మనము పుట్టుక విద్య యనునది చాలవఱకు ఎవ్వరు చూడని బాల్యపు సాధన గావచ్చును. సన్నాయి వాయించువాని యింట బెరిగిన పిల్లవానికి స్వరజ్ఞానము పుట్టుకతోనే వచ్చినదనుటయు ఇట్టిదే గదా.

ఇక తక్కిన యిద్దఱి కథ. నెల్సన్, హోగన్ ఇరువురును టెక్సాసు రాష్ట్రమున ఫోర్ట్‌వర్త్ పట్టణములో గ్లెన్ గార్డెన్ అను నొకే సంఘమున క్యాడీలు. హోగన్ తండ్రి కమ్మరి. 1922లో ఆత్మహత్య చేసికొనెను. అప్పటికి బాలునకు తొమ్మిదేండ్లు. పిల్లవాడు రైలు స్టేషను వద్ద వార్తాపత్రిక లమ్మి, పిదప సంచులు మోసెను. 1927 క్రిస్మసు నాటి క్యాడీల పోటీలో ఈ యిద్దఱును సమానముగా నిలిచిరి. మరల ఆడించగా నెల్సన్ ఒక్క వ్రేటుతో గెలిచెను. మఱుసటి వసంతమున సంఘమువారు ఒక్క బాలునకు మాత్రమే సభ్యత్వమిచ్చి, నెల్సను నెన్నుకొనిరి. హోగన్ పదునాఱేండ్లు నిండగానే, నిబంధన ప్రకారము, క్యాడీ పని గూడ విడిచి ఊరిలోని గడ్డిగాదము పెరిగిన కూలిమైదానములకు బోవలసివచ్చెను. పెద్దలు ఒక్క పోటీ జూచి చేసిన తీర్పు ఇది. అందు నెల్సను విషయమున వారు పొరబడలేదు. కొయ్య కఱ్ఱలు పోయి ఉక్కు కఱ్ఱలు వచ్చిన ఆ కాలమున, మణికట్టు తిప్పుడు తగ్గించి, కాళ్ళ బలముతో ముందునకు నడిపించు క్రొత్త విసురును అతడు సాధించెను. 1945లో వరుసగా 11 పోటీలు గెలిచెను. ఆ యేటి మొత్తము 18. ముప్పదినాలుగవ యేట ఆటకు స్వస్తిచెప్పి, పశువులను బెంచుకొనుచు పొలముమీద స్థిరపడెను. 2006 వఱకు జీవించెను.

హోగన్ సంగతి వేఱు. 1930లో, పదునేడేండ్లకు, వృత్తిలో బ్రవేశించెను. చేతిలో పైకమైపోయి ఒకటికంటె నెక్కువ మారులు ఇంటికి దిరిగివచ్చెను. ఒంటరిగా నొక పెద్ద పోటీ గెలుచుటకు పదేండ్లు పట్టెను. ఈ పదేండ్లును అతడు సోమరిగా నున్నవాడు గాడు. ఆ కాలపు ఆటగాండ్రు పోటీ ముగియగానే విశ్రమించుచుండగా, ఇతడు చీకటి పడువఱకు బంతులు గొట్టుచు నిలిచెడివాడు. మఱి ఫలమేల ఆలస్యమైనది? అతని విసురులో నొక దోషముండెను. బంతి సూటిగా బయలుదేఱి, నడిమి దారిలో నొక్కమారుగా ఎడమవైపునకు వంగి కూలెడిది. దోషముగల విసురును వేయిమారులు విసరినచో ఆ దోషమే వేయి రెట్లు గట్టిపడును! ఈ సంగతి కేవల సాధనవాదులు తఱచుగా మఱతురు. తప్పుడు రాగమును ప్రతిదినము పాడువాడు తప్పునందే ప్రవీణుడగును.

1940 మార్చిలో పైన్‌హర్స్టున అతని మొదటి గెలుపు వచ్చెను. వెంటనే రెండు వారములలో మఱి రెండు గెలిచెను. అయినను ఎడమ వంపు పూర్తిగా విడువలేదు. ఎక్కువ బంతులు గొట్టుట వలన గాక, ఒక్కొక్క బంతి యెందుకట్లు బోయినదని విచారించుట వలననే పరిష్కారము చిక్కినది. కఱ్ఱ నెత్తి బట్టుకొన్న చోట ఎడమ మణికట్టు ఎట్లు వంగియున్నది, బొటనవ్రేలు కఱ్ఱపై నెచ్చట నున్నది, అను చిన్న సంగతులను విడదీసి చూచెను. ఎడమచేతి పట్టును కొంచెము ఎడమవైపునకు ద్రిప్పి, మణికట్టును లోనికి గిన్నెవలె వంచెను. దానితో కఱ్ఱ మొగము ముందుగా మూసికొనుట మానినది. ఈ రహస్యమును అతడు చాలకాలము దాచి, 1955లో లైఫ్ పత్రికలో వెల్లడించెను. 1957లో దన పాఠములను పుస్తకముగా బ్రకటించెను. 1940 నుండి 1942 వఱకు అమెరికా వృత్తి యాటగాండ్రలో ఎక్కువ పైకము గెలిచినవాడు ఇతడే. 1948లో యు.ఎస్. ఓపెన్ అను మహాపోటీయు గెలిచెను.

ఇంత చెక్కిన విసురును 1949 ఫిబ్రవరి 2వ తేదీ ప్రాతఃకాలపు మంచులో నొక బస్సు ఢీకొట్టెను. భార్యను గాపాడుటకై హోగన్ ఆమెకడ్డముగా బడినందున, స్టీరింగు కంబము తాను కూర్చుండిన చోటిని జీల్చుకొని పోయినను ప్రాణముతో మిగిలెను. తుంటియెముక రెండుచోట్ల, మెడవద్ది యెముక, ప్రక్కటెముక, చీలమండ విఱిగెను. రక్తపు గడ్డలు గట్టగా వైద్యులు పెద్ద సిరను ముడివేయవలసివచ్చెను. నడచుటయే సందేహమనిరి. ఏ శరీరమున ఆ విసురు కాపురముండెనో ఆ శరీరమే పోయినది. పదునాఱు నెలల పిదప, 1950 జూన్‌లో, మెరియన్ అను చోట కాళ్ళకు పట్టీలు చుట్టుకొని అతడు మరల యు.ఎస్. ఓపెన్‌కు దిగెను. కడపటి దినమున రెండు పూటలు కలిసి 36 గుంటల యాట. చివరి గుంటకు వచ్చునప్పటికి నిలుచుటయే కష్టమయ్యెను. అయినను దూరమునుండి గొట్టిన బంతి సూటిగా బచ్చికపై వ్రాలినది. మువ్వురు సమానముగా నిలువగా మఱునాడు మరల ఆడిరి. హోగన్ 69, మాంగ్రం 73, ఫాజియో 75. 1953లో మాస్టర్సు, యు.ఎస్. ఓపెన్, స్కాట్లండులోని కార్నూస్టీలో బ్రిటిషు ఓపెన్, ఈ మూడును ఒక్క యేటనే గెలిచెను.

ఈ కథ విని సాధన యున్న ఎవ్వడైనను హోగన్ కాగలడనుట తొందరపాటు. చరిత్ర గెలిచినవానినే మనకు జూపును. అతనితో బాటు చీకటిదాక బంతులు గొట్టి, పదేండ్లకు గూడ గెలువక, మరల వడ్రంగమునకో దుకాణమునకో మరలినవారి పేరులను ఎవ్వరును వ్రాయలేదు. 1993లో ఎరిక్‌సన్ అను మనశ్శాస్త్రవేత్తయు ఆయన సహచరులును బెర్లినులోని వయొలిను విద్యార్థులను బరీక్షించి, శ్రేష్ఠులైనవారు ఎక్కువ గంటలు బుద్ధిపూర్వకముగా సాధన చేసినవారేయనిరి. ఆ మాటను బట్టి పదివేల గంటలు చాలునని లోకము ప్రచారము చేసినది. 2014లో వేఱు పండితులు అనేక పరిశోధనలను గూర్చి చూడగా, క్రీడలలో మనుష్యునికి మనుష్యునికి గల భేదమున సాధన గంటలు వివరింపగలిగినది నూటికి 18 వంతులు మాత్రమే. తక్కినదంతయు పుట్టుకయే యనియు గాదు. గురువు, వయస్సు, దేహము, అవకాశము, అదృష్టము అన్నియు అందులో గలవు. పోర్ట్‌లండు పట్టణపు ఛాయాచిత్రకారు డొకడు 2010లో, ముప్పదియేండ్ల వయస్సున, ఉద్యోగము మాని పదివేల గంటలు గాల్ఫు సాధించి వృత్తిలో బ్రవేశింప నెంచెను. ఆఱువేల గంటల పిదప నడుమునొప్పిచే 2015లో మానెను. అప్పటికి మంచి యాటగాడే యయ్యెను గాని వృత్తి వాకిలి తెఱువబడలేదు. అతనికి ప్రతిభ లేదనుటకు గాని, కలదనుటకు గాని ఈ నిదర్శనము చాలదు.

విసురును యంత్రముగా చేసినవారును గలరు. బంతులను, కఱ్ఱలను బరీక్షించుటకు అమెరికాలో నొక ఉక్కు చేయిని నిర్మించిరి. అలయక ఒకే విసురు విసరును. దానికి ఐరన్ బైరన్ అని పేరు. నెల్సను విసురే దానికి మాదిరి.

మనుష్యుల విసుర్లు యంత్రమువలె నిలువవు. స్నీడు అంత తీయగా విసరియు యు.ఎస్. ఓపెన్ ఒక్కమారైన గెలువక నాలుగు మారులు రెండవవాడుగా నిలిచెను. గుంట దగ్గఱ మెల్లగా త్రోయు చిన్న వ్రేటే వయస్సుతో అతని బాధించెను. హోగనునకును అదియే గతి. దూరపు వ్రేటు చెక్కుచెదరకుండ నిలిచినను, మూడడుగుల దూరమున చేయి కదలక బంతిమీద చాలసేపు నిలిచిపోయెడివాడు. 1967 మాస్టర్సు పోటీలో, ఏబదినాలుగేండ్ల వయస్సున, మూడవనాడు రెండవ సగపు తొమ్మిది గుంటలను ముప్పది వ్రేట్లతో ముగించి 66 తో మైదానము విడిచెను. చూచువారెల్లరు లేచి నిలిచిరి. మఱునాడు అతని లెక్క 77.