మద్దెల నిజంగా ఓడైతే?

"బండి మంచిగుంటే నేనే గెలుస్తుంటి అత్తమ్మా!" కరీంనగర్‌లో సైకిల్ పందెం ఓడివచ్చిన మా మేనల్లుడి గోడు ఇది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని నవ్వేసి, రోస్సీ కథ చెప్పాను.

మోటార్‌సైకిల్ ప్రపంచ పోటీల పెద్ద తరగతిలో 2003లో యమహాకు ఒక్క గెలుపూ లేదు. ఇటలీవాడు వాలెంటినో రోస్సీ, తనను గెలిపిస్తున్న హోండాను వదిలి 2004లో దాన్నెక్కాడు. దక్షిణాఫ్రికాలో తొలి పందెమే గెలిచాడు. ఆ ఏడు ఛాంపియనూ అయ్యాడు.

"చూశావా? నేర్పంతా చేతిదే, బండిదేముంది!" అన్నాను.

"మరి డుకాటి?" అన్నాడు వాడు.

నా నోరు మూతపడింది. 2011, 2012లలో అదే రోస్సీ డుకాటి మీద ఒక్క పందెమూ గెలవలేదు. మళ్లీ యమహా ఎక్కాకే, 2013లో నెదర్లాండ్స్‌లో గెలిచాడు.

దోసె విరిగితే పెనాన్ని తిట్టే నేనా వాణ్ణి చూసి నవ్వింది! మర్నాడే వాడి సైకిల్ని రిపేరుకి పంపాను.