సముద్రానికీ ఎత్తుపల్లాలు



ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ నీళ్ళ గొట్టం పట్టి మట్టం చూడడం మనకు తెలిసిందే. మరి సముద్రంలో ఆ నీళ్ళే ఒకచోట మిట్టగా, ఒకచోట పల్లంగా నిలిస్తే? అలలూ, ఆటుపోట్లూ లేవనుకున్నా సరే, శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రం, భూమికి లెక్కకట్టిన నున్నటి ఆకారం కంటే సుమారు 106 మీటర్లు దిగువన ఉంది!

దీనికి కారణం భూమ్యాకర్షణ. భూగర్భంలో పదార్థం అంతటా ఒకే బరువుగా లేదు. బరువైన చోటు నీటిని ఎక్కువగా లాక్కుంటుంది. తేలికైన చోట పల్లమేర్పడుతుంది. అయితే ఓడలు జారిపోవా అంటారేమో! ఆ వాలు వేల కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. పైగా ఆకర్షణకు అదే సమమట్టం. కాబట్టి జారడమనేదే లేదు.

ఇది ఎలా బయటపడిందో వినండి. ఆకర్షణ తగ్గితే గడియారంలోని లోలకం నెమ్మదిస్తుంది. దాన్నిబట్టే ఆకర్షణను కొలిచేవారు. కాని అలలకు ఊగే ఓడలో లోలకం సరిగ్గా ఎలా ఆడుతుంది? హాలెండు శాస్త్రజ్ఞుడు వెనింగ్ మైనెస్ 1923లో జలాంతర్గామి ఎక్కాడు. అలజడి తగ్గే లోతుకు దిగి, కొలుస్తూ జావా దాకా వెళ్ళాడు. ఆయన చూస్తే నిలువెత్తు మనిషి, ఆ నౌక చూస్తే ఇరుకు! హిందూ మహాసముద్రపు ఈ వెలితిని 1948లో కనిపెట్టిందీ ఆయనే. ఆ తరువాత 1978లో సీశాట్ ఉపగ్రహం ఆకాశం నుంచి రాడారుతో సముద్రాల మట్టం కొలిచింది.

ఇక ఆ వెలితి ఎందుకు వచ్చినట్టు? 2023లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు ఆత్రేయీ ఘోష్, దేబాంజన్ పాల్ ఒక వివరణ ఇచ్చారు. ఆత్రేయీ మహిళ కావడం మనకు సంతోషం. 14 కోట్ల ఏళ్ళ భూగర్భ చరిత్రను వారు కంప్యూటరులో నడిపి చూశారు. మన భూభాగం ఉత్తరానికి జరుగుతుంటే, టెథిస్ అనే పాత సముద్రపు అడుగు భూగర్భంలోకి కుంగింది. ఆ కదలికతో ఆఫ్రికా అడుగునున్న వేడి పదార్థం పైకి ఎగదన్ని ఇటు చేరింది. వేడెక్కినది తేలికే కదా! అందుకే ఇక్కడ ఆకర్షణ తగ్గిందంటారు.

ఇదంతా మనకెందుకని అనకండి. ఈ పల్లం మన తీరాలదాకా పాకింది. ఉపగ్రహం చెప్పే ఎత్తు ఆ నున్నటి ఆకారం నుంచి లెక్క. అందుకే మన తూర్పు తీరాన ఇసుకలో నిలబడి చూస్తే, సవరించని లెక్క మనం పదుల మీటర్ల అడుగున ఉన్నామంటుంది! కాలువలో నీరు పారేది మాత్రం ఆకర్షణ చెప్పినట్టే. ఈ తేడా సవరించకుండా కాలువ తవ్వితే, కాగితం మీద పల్లమున్నా పొలానికి నీరు అందకపోవచ్చు. ఆ ఇరుకు జలాంతర్గామిలో మొదలైన లెక్క చివరికి మన అన్నం ముద్దదాకా వచ్చిందన్నమాట.